అంకె ఎందుకు కదల్లేదు?

సాయంత్రం ఐదున్నర అయింది. ఊరి పాల కేంద్రం ముందు ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. ఒకరి చేతిలో క్యాను, ఇంకొకరి చేతిలో చెంబు. ఒక్కొక్కరే పాలు కొలిపించుకుంటున్నారు. చీటీ తీసుకుంటున్నారు.

ఆ కేంద్రంలో పని చేసేది ఊళ్లోని ఒక కోడలు. ఆమె అత్త కూడా రోజూ పాలు పోయడానికి వస్తుంది. అత్తకు యాభై ఏళ్లు దాటాయి. మొన్నటి దాకా వేలిముద్ర వేసేది. ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. ఇప్పుడు చీటీ మీద తన పేరు చదువుతుంది. పాలు ఎన్ని లీటర్లో చదువుతుంది. కనబడిన అంకెనల్లా చదువుతుంది.

కేంద్రం లోపల పెద్ద స్టీలు ట్యాంకు ఉంది. దాని పక్కన గోడకు ఒక పెట్టె ఉంది. పెట్టె మీద ఒక ఎర్ర అంకె వెలుగుతోంది.

"అమ్మాయ్, ఆ ఎర్ర అంకె ఏంటి? 4 అని ఉంది. నాలుగు లీటర్లా?" అని అడిగింది అత్త.

కోడలు నవ్వింది. "లీటర్లు కాదత్తా. నాలుగు డిగ్రీలు. ట్యాంకులో పాలు ఎంత చల్లగా ఉన్నాయో చెప్తుంది" అంది.

"అంత చల్లగా ఎందుకు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే ఆ పెట్టె పని కూడా తెలుస్తుంది.

పాలకు చలి ఎందుకు?

గేదె పొదుగులో నుంచి వచ్చిన పాలు గోరువెచ్చగా ఉంటాయి. ఆ వేడి సుమారు 37 డిగ్రీలు. మన ఒంటి వేడి కూడా దాదాపు అంతే. పాలలో కంటికి కనబడని క్రిములు ఉంటాయి. వాటికి ఆ వెచ్చదనం చాలా ఇష్టం. అవి గబగబా పెరుగుతాయి. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతాయి. అరగంటకు రెండింతలు అవుతాయనుకోండి. ఐదు గంటల్లో ఒక్క క్రిమి వెయ్యికి పైగా అవుతుంది. వేసి చూడండి. 1, 2, 4, 8, 16... ఇట్లా పదిసార్లు రెండింతలు చేస్తే 1,024 వస్తుంది.

క్రిములు పెరిగితే పాలు పులుస్తాయి. కాచినప్పుడు విరుగుతాయి. విరిగిన పాలు డెయిరీ తీసుకోదు. డబ్బు రాదు.

పాలను 4 డిగ్రీలకు చల్లబరిస్తే క్రిముల పెరుగుదల బాగా తగ్గిపోతుంది. క్రిములు చావవు. నిద్రపోయినట్టు ఉంటాయి. మళ్లీ వెచ్చబడితే లేస్తాయి. అందుకే పాలు ఎప్పుడూ చల్లగానే ఉండాలి. ఉన్నాయో లేదో ఎప్పుడూ చూస్తూనే ఉండాలి.

చెయ్యి పెట్టి చూస్తే సరిపోదా? సరిపోదు. పాలు చల్లగా ఉన్నాయని మాత్రమే చెయ్యి చెప్తుంది. 4 డిగ్రీలో, 8 డిగ్రీలో చెప్పలేదు. పైగా చెయ్యి పెడితే పాలలోకి మురికి పోతుంది. అందుకే మీటరు కావాలి.

పెట్టె చేసే మూడు పనులు

"ఆ చిన్న పెట్టెకు ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది అత్త.

కోడలు ట్యాంకు కింది భాగం చూపించింది. అక్కడ నుంచి ఒక సన్నని వైరు పెట్టె దాకా వెళ్తోంది. ఆ వైరు చివర వేలంత కడ్డీ ఉంది. దాని పేరు సెన్సరు. కడ్డీ లోపల సన్నని లోహపు తీగ ఉంటుంది. లోహం వేడెక్కితే దానిలో కరెంటు నడక కష్టమవుతుంది. చల్లబడితే తేలికవుతుంది. పెట్టె ఆ తేడాను కొలుస్తుంది. డిగ్రీలుగా మార్చి అంకె చూపిస్తుంది.

ఇది మొదటి పని. చూపించడం.

రెండో పని సరిదిద్దడం. పెట్టెలో ముందుగానే ఒక అంకె పెట్టి ఉంచారు. పాలు 4 డిగ్రీలకు దిగితే చల్లార్చే యంత్రం ఆగాలి. 5 డిగ్రీలు దాటితే మళ్లీ నడవాలి. ఎవరూ స్విచ్ వెయ్యక్కర్లేదు. పెట్టే వేస్తుంది. పెట్టే ఆపుతుంది. ఇట్లాంటి పెట్టెను కంట్రోలరు అంటారు.

4కి ఆగి, మళ్లీ 4 దాటగానే నడవవచ్చు కదా? 5 దాకా ఎందుకు ఆగాలి? అట్లా చేస్తే యంత్రం క్షణానికోసారి ఆగుతుంది, క్షణానికోసారి నడుస్తుంది. మోటారు కాలిపోతుంది. అందుకని కొంచెం ఎడం పెడతారు.

ఇట్లాంటిది మీరూ చూసే ఉంటారు. ఇస్త్రీ పెట్టెలో దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వేడి చాలినప్పుడు కరెంటు ఆగుతుంది. చల్లబడితే మళ్లీ వస్తుంది. నీళ్ల ట్యాంకులో తేలే బంతి చూశారా? ట్యాంకు నిండితే బంతి పైకి తేలి కుళాయి మూస్తుంది. నీళ్లు తగ్గితే బంతి దిగి కుళాయి తెరుస్తుంది. అదీ కంట్రోలరే. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

మూడో పని అరవడం. అంకె హద్దు దాటితే గంట మోగుతుంది. దీపం వెలుగుతుంది. దీన్ని అలారం అంటారు. అన్ని పెట్టెలకూ అలారం ఉండదు. ఆ ఊరి పెట్టెకు లేదు.

చూపించడం, సరిదిద్దడం, అరవడం. పాల కేంద్రంలోనైనా, సిమెంటు ఫ్యాక్టరీలోనైనా, కరెంటు తయారు చేసే చోటనైనా పెట్టెల పని ఇదే. పెద్ద ఫ్యాక్టరీలో ఇట్లాంటివి వందలు, వేలు ఉంటాయి. అన్ని అంకెలూ ఒక గదిలోకి వస్తాయి. దాన్ని కంట్రోలు గది అంటారు.

ముల్లు చెప్పే మాట

వరసలో పక్కింటి వదిన కూడా ఉంది. ఆమె ఉప్పుడు బియ్యం మిల్లులో కూలికి వెళ్తుంది. వడ్లు ఎండబోస్తుంది.

"మా మిల్లులో బాయిలరు ఉంది. దాని నెత్తిన గడియారం లాంటిది ఉంది. ముల్లు ఒకటే ఉంది. టైము మాత్రం చెప్పదు" అంది వదిన.

"అది ప్రెషర్ మీటరు వదినా" అంది కోడలు.

బాయిలరు అంటే నీళ్లు కాచి ఆవిరి చేసే పెద్ద పాత్ర. మన ప్రెషర్ కుక్కర్ లాంటిదే. కాని చాలా పెద్దది. లోపల ఆవిరి బయటికి రావాలని తోస్తుంటుంది. ఆ తోపును ప్రెషర్ అంటారు. తోపు ఎంతో ముల్లు చూపిస్తుంది.

ముల్లు ఎట్లా కదులుతుంది? జాతరలో పిల్లలకు కాగితపు పీక కొంటాం. అది చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఊదితే చుట్ట విప్పుకుని ముందుకు సాగుతుంది. ఊదడం ఆపితే మళ్లీ చుట్టుకుంటుంది. మీటరు లోపల కూడా వంచిన గొట్టం ఒకటి ఉంటుంది. లోహపు గొట్టం. ఆవిరి దానిలోకి తోస్తే గొట్టం కొంచెం నిటారవుతుంది. గొట్టం చివర ముల్లు తగిలించి ఉంటుంది. గొట్టం కదిలితే ముల్లు తిరుగుతుంది. ఫ్రాన్సు దేశంలో బూర్డాన్ అనే ఆయన 1849లో దీన్ని తయారు చేశాడు. ఈనాటికీ మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో ఇదే రకం మీటర్లు వాడుతున్నారు.

బాయిలరు మీటరు మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. ముల్లు ఆ గీత దాటకూడదు. దాటితే సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి బయటికి పోవాలి. కుక్కర్ మీద బరువు లేచి ఈల వేసినట్టు.

బాయిలరుకు ఇంకొకటి కూడా ఉంటుంది. నిలువు గాజు గొట్టం. లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో ఆ గాజులో కనబడుతుంది. నీళ్లు మరీ తగ్గితే లోపలి ఇనుము మంటకు ఎర్రగా కాలుతుంది. అప్పుడు గబుక్కున చల్లనీళ్లు వదిలితే ఇంకా ప్రమాదం. బాయిలరు పేలవచ్చు. కాబట్టి ముల్లు ఒక్కటి చూస్తే చాలదు. గాజు గొట్టం కూడా చూడాలి. గాజు మీద మసి పట్టి నీళ్లు కనబడకపోతే అది ఉన్నా లేనట్టే.

"ఎవరు చూస్తారు అది?" అని అడిగింది అత్త.

"బాయిలరు మనిషి చూస్తాడు" అంది వదిన. కాసేపు ఆగి, "చూస్తాడనే అనుకుంటున్నాం" అంది.

పుస్తకంలో అంకెలు

పాల కేంద్రంలో ఒక నోటు పుస్తకం ఉంది. అరగంటకోసారి కోడలు పెట్టె మీది అంకె చూసి పుస్తకంలో రాస్తుంది. టైము ఒక గడిలో. అంకె ఇంకో గడిలో. దీన్ని లాగ్ పుస్తకం అంటారు.

మరునాడు సాయంత్రం పాలు పోయడం అయిపోయింది. అందరూ ఇళ్లకు వెళ్లిపోతున్నారు. అత్త బల్ల మీద కూర్చుని లాగ్ పుస్తకం తీసింది. అంకెలు చదవడం ఆమెకు సరదా. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది.

నిన్నటి పేజీలో ఇట్లా ఉంది.

5.30 గంటలకు 4
6.00 గంటలకు 9
6.30 గంటలకు 12
7.00 గంటలకు 9
8.00 గంటలకు 4

ఈ రోజు పేజీలో ఇట్లా ఉంది.

5.30 గంటలకు 4
6.00 గంటలకు 5
6.30 గంటలకు 4

అత్త రెండు పేజీలూ తిప్పి తిప్పి చూసింది.

"అమ్మాయ్, నిన్న వెచ్చని పాలు పోస్తే అంకె 12 దాకా ఎక్కింది. ఈ రోజూ దాదాపు అన్నే పాలు పోశాం. అంకె ఎందుకు కదల్లేదు?"

కోడలు పెట్టె వైపు చూసింది. 4 అనే ఉంది. "ఈ రోజు తొందరగా చల్లబడ్డాయేమో అత్తా. కరెంటు కూడా బాగుంది" అంది.

"ఇంత వేగంగా చల్లబడతాయా? నిన్న ఒకటిన్నర గంట పట్టింది కదా."

కోడలు ఆలోచనలో పడింది. చల్లార్చే యంత్రం చప్పుడు కూడా వినబడడం లేదు. 4 డిగ్రీలు ఉంది కాబట్టి పెట్టె దాన్ని ఆపేసింది. అది సరే. కాని ఇంకో చప్పుడు కూడా వినబడడం లేదు. ట్యాంకులో ఎజిటేటరు అని ఒకటి ఉంటుంది. పాలను మెల్లగా కలిపే కవ్వం. అది తిరగడం లేదు.

కోడలు ముందు మెయిన్ స్విచ్ ఆపింది. తర్వాత మూత తీసింది. కేంద్రంలో చేతి థర్మామీటరు ఉంది. దాన్ని శుభ్రం చేసి పై పాలలో ముంచింది. కాసేపు ఆగి చూసింది. 24 డిగ్రీలు!

పెట్టె అబద్ధం చెప్పలేదు. సెన్సరు ఉన్నది ట్యాంకు అడుగున. అడుగున పొద్దుటి చల్లని పాలు ఉన్నాయి. అక్కడ నిజంగానే 4 డిగ్రీలు. సాయంత్రం పోసిన వెచ్చని పాలు పైన తేలి ఉన్నాయి. కవ్వం తిరిగితే రెండూ కలిసేవి. తిరగలేదు కాబట్టి కలవలేదు. అడుగు చల్లగా ఉందని పెట్టె యంత్రాన్ని ఆపేసింది. పైన పాలు వెచ్చగా అలాగే ఉన్నాయి.

పొద్దుటి దాకా అలాగే ఉంటే? ట్యాంకు పాలన్నీ విరిగేవి. వాటిలో నలభై ఇళ్ల పాలు ఉన్నాయి.

కోడలు మెకానిక్‌కు ఫోను చేసింది. అతను వచ్చే లోపల ఊరికే కూర్చోలేదు. పొడుగు పిడి ఉన్న స్టీలు గరిటె ఉంది. దాన్ని వేడినీళ్లతో కడిగారు. అత్తా, కోడలూ, వదినా వంతుల వారీగా పాలు పైకి కిందికి కలిపారు. చేతులు నొప్పి పుట్టాయి.

మెకానిక్ అబ్బాయి వచ్చి చూశాడు. కవ్వం మోటారు ఫ్యూజు పోయింది. మార్చాడు. మెయిన్ స్విచ్ వేశాడు. కవ్వం తిరిగింది. పెట్టె మీద అంకె గబగబా ఎక్కింది. 8... 10... 13. చల్లార్చే యంత్రం గుర్రుమంటూ నడిచింది.

మామూలుగా అంకె పెరిగితే భయం. ఆ రోజు అంకె పెరిగాక అందరి మనసు కుదుటపడింది. రెండు గంటల్లో అది మళ్లీ 4కి దిగింది. పాలు నిలిచాయి.

"ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు మెకానిక్ అబ్బాయి.

"మా అత్త" అంది కోడలు.

"పెట్టె చూసి కాదు నాయనా. పుస్తకం చదివి" అంది అత్త.

ప్రాణాలు పోయిన రాత్రి

పాలు విరిగితే డబ్బు పోతుంది. కొన్ని చోట్ల అంకెను పట్టించుకోకపోతే ప్రాణాలే పోతాయి. మన దేశంలోనే అట్లా జరిగింది.

మధ్యప్రదేశ్ రాజధాని భోపాల్. అక్కడ యూనియన్ కార్బైడ్ కంపెనీకి పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది. మిథైల్ ఐసోసయనేట్ అనే విషపు ద్రవంతో అక్కడ మందు తయారు చేసేవాళ్లు. ఆ ద్రవాన్ని ట్యాంకుల్లో నిలవ ఉంచారు. దాన్ని ఎప్పుడూ చల్లగా ఉంచాలి. నీళ్లు తగలనివ్వకూడదు. నీళ్లు తగిలితే అది తనంతట తానే వేడెక్కి ఆవిరవుతుంది.

1984 డిసెంబరు 2. రాత్రి పదింబావు దాటింది. 610 నంబరు ట్యాంకు ప్రెషర్ మీటరు మీద 2 ఉంది. రాత్రి షిఫ్టు మారింది. కొత్తగా వచ్చిన పనివాళ్లు 11 గంటలకు చూశారు. 10 ఉంది. 10 అనేది మామూలు హద్దుల్లోని అంకే. కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. కాని గంట కూడా తిరక్కుండా 2 కాస్తా 10 అయింది. ఐదింతలు! అంకె చిన్నదే. దాని నడక మాత్రం మామూలుది కాదు. ట్యాంకులోకి నీళ్లు వెళ్లాయి.

అర్ధరాత్రి దాటాక మీటరు 30 చూపించింది. కాసేపటికి ముల్లు చివరి అంకె 55 కూడా దాటిపోయింది. అప్పటికి చేయి దాటింది. విషపు గాలి ఊరి మీదికి వచ్చింది.

ఆ ఫ్యాక్టరీలో చల్లార్చే యంత్రం ఉంది. దాన్ని నెలల ముందే ఆపేశారు. వేడి పెరిగితే మోగే అలారం ఉంది. చల్లార్చే యంత్రం ఆపినప్పుడు ఆ అలారాన్ని తిరిగి సరిచేసి పెట్టలేదు. అది మోగలేదు. మీటర్లు తరచూ పాడవుతుండేవి. అందుకని పనివాళ్లకు వాటి మీద నమ్మకం పోయింది. నిజం చెప్పిన రోజు కూడా వాటి మాట వెంటనే నమ్మలేకపోయారు.

ఫ్యాక్టరీ చుట్టూ పేదల బస్తీలు ఉన్నాయి. జనం నిద్రలో ఉన్నారు. ముక్కుకు తడిగుడ్డ పెట్టుకోండి అని చెప్పే దిక్కు కూడా లేకపోయింది. ప్రభుత్వం మొదట ఇచ్చిన లెక్కలోనే 2,259 మంది చనిపోయారు. ఆ తర్వాత కూడా వేలమంది చనిపోయారు. 5 లక్షల మందికి పైగా ఆ గాలి బారిన పడ్డారు. చూపు పోయినవాళ్లు, ఊపిరి సలపనివాళ్లు, బిడ్డలు పోయిన తల్లులు. వాళ్లలో ఆడవాళ్లు ఏళ్ల తరబడి వీధుల్లోకి వచ్చి న్యాయం అడిగారు.

విశాఖలో ఏం జరిగింది?

2020 మే 7. కరోనా లాక్‌డౌన్ రోజులు. విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం. అక్కడ ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ఉంది. లాక్‌డౌన్ వల్ల పని ఆగి ఉంది. కాని ట్యాంకులో స్టైరీన్ అనే ద్రవం నిలవ ఉంది. ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం అది. దాన్ని చల్లగా ఉంచాలి. లేకపోతే తనలో తానే గట్టిపడుతూ వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది.

తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ట్యాంకు నుంచి ఆవిరి లేచింది. పక్కనే ఊరు. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తారు. దారిలోనే పడిపోయారు. 12 మంది చనిపోయారు. వందలమందిని ఆస్పత్రుల్లో చేర్చారు.

రాష్ట్ర ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీ ఏం చెప్పింది? ట్యాంకులో వేడి కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉంది. మధ్యలో లేదు. పైన లేదు. ద్రవాన్ని పైనుంచి కింది దాకా సరిగా కలిపే ఏర్పాటు లేదు. అడుగున చల్లగానే ఉంది. పైన వేడి పెరిగిపోయింది. అంకె చూసినవాళ్లకు అంతా బాగున్నట్టే కనబడింది. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది. దాన్ని మోగించలేదు.

పాల ట్యాంకులో జరిగింది గుర్తుకు వచ్చిందా? అడుగున 4, పైన 24. ఇక్కడా అదే సంగతి. అక్కడ ఒక అత్త పుస్తకం చదివి అడిగింది. ఇక్కడ అడిగినవాళ్లు లేకపోయారు.

అంకెను ఎట్లా చదవాలి?

అంకెను పలకడం ఒకటి. అంకెను చదవడం ఇంకొకటి. ఏ మీటరు ముందు నిలబడినా ఈ ఆరు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఇది ఏం కొలుస్తోంది? వేడినా, తోపునా, ఎత్తునా? 4 డిగ్రీలు వేరు. 4 లీటర్లు వేరు.

2. హద్దు ఏది? ఎర్ర గీత ఎక్కడ ఉంది?

3. ఇంతకు ముందు ఎంత ఉంది? పెరుగుతోందా, తగ్గుతోందా, కదలకుండా ఉందా? కదలాల్సిన అంకె కదలకపోయినా అనుమానించాలి.

4. ఎక్కడ కొలుస్తోంది? అడుగునా, పైనా?

5. మీటరు నిజం చెప్తోందా? దీన్ని ఇంకో మీటరుతో పోల్చి చూడాలి. థర్మామీటరును ఇట్లా పరీక్షించవచ్చు. మంచుగడ్డ ముక్కలు చేసి గ్లాసు నిండా వెయ్యండి. కొంచెం నీళ్లు పొయ్యండి. కాసేపు థర్మామీటరు అందులో ఉంచి కలపండి. అది 0 చూపించాలి. 3 చూపిస్తే అది తప్పుడు థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరుతో ఇట్లా చెయ్యకూడదు. దానిలో 0 ఉండదు.

6. హద్దు దాటితే ఏం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి? ఫోను నంబరు గోడ మీద ఉందా?

అడిగే హక్కు

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చారు. ప్రమాదకరమైన పని చేసే ఫ్యాక్టరీ ఆ ప్రమాదం ఏమిటో పనివాళ్లకు చెప్పాలని రాశారు. చుట్టుపక్కల జనానికి కూడా చెప్పాలని రాశారు. ప్రాణాపాయం ఉందని తోస్తే పనివాళ్లు పైవాళ్లను హెచ్చరించవచ్చు. ఆ హక్కు కూడా చేర్చారు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త భద్రతా చట్టంలోనూ ఈ మాటలు ఉన్నాయి.

చట్టంలో రాసి ఉంటే చాలదు. అడిగేవాళ్లు కావాలి. అడగాలంటే తెలియాలి. తెలియాలంటే చదవాలి.

ఆ సంగతి వదినకు అర్థమైంది. వారం తిరగ్గానే మిల్లులో బాయిలరు మనిషిని అడిగింది. "అన్నా, ఆ గాజు గొట్టం మీద మసి ఉంది. నీళ్లు కనబడడం లేదు. తుడవకూడదా?"

అతను మొదట విసుక్కున్నాడు. "నీకెందుకమ్మా? నీ వడ్లు నువ్వు చూసుకో" అన్నాడు.

"బాయిలరు పేలితే వడ్లు ఎండబోసేవాళ్లను వదిలేస్తుందా?" అంది వదిన. పక్కనున్న ఆడవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు.

అతను ఏమీ అనలేదు. గొట్టం శుభ్రం చేశాడు. నీళ్లు కనబడ్డాయి.

ఇక పాల కేంద్రంలో లాగ్ పుస్తకానికి ఇంకో గడి గీశారు. పై పాల వేడి ఎంత? చేతి థర్మామీటరుతో చూసి రోజూ సాయంత్రం రాస్తున్నారు. ఫ్యూజు పోయిన రోజు పేజీ అలాగే ఉంది. దాని అడుగున వంకర అక్షరాలతో ఇట్లా రాసి ఉంది.

"పైన 24. కింద 4. కవ్వం తిరగలేదు. బాగు చేశారు."

దాని కింద అత్త సంతకం ఉంది.

కొత్త మాటలు

సెన్సరు: వేడి, తోపు లాంటివి కనిపెట్టే భాగం.
కంట్రోలరు: అంకెను బట్టి యంత్రాన్ని నడిపే, ఆపే పెట్టె.
అలారం: హద్దు దాటితే మోగే గంట.
లాగ్ పుస్తకం: టైము వేసి అంకెలు రాసే పుస్తకం.
ప్రెషర్: ఆవిరి, గాలి, నీళ్లు తోసే తోపు.

చెప్పండి

1. పాలను 4 డిగ్రీలకు ఎందుకు చల్లబరుస్తారు?
2. పెట్టె మీద 4 ఉన్నా పై పాలు ఎందుకు వెచ్చగా ఉన్నాయి?
3. భోపాల్‌లో 11 గంటలకు మీటరు 10 చూపించింది. దాన్ని చూసి ఏం అనుమానించాల్సింది?

చేసి చూడండి

మీ ఇంటి కరెంటు మీటరు మీది అంకెను వారం రోజులు, రోజూ ఒకే టైముకు రాయండి. ఏ రోజు ఎక్కువ పెరిగింది? ఎందుకు పెరిగింది?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో, మీరు పని చేసే చోట ఏ మీటర్లు ఉన్నాయి? వాటిని ఎవరు చూస్తున్నారు? దగ్గరలో ఫ్యాక్టరీ ఉంటే దానిలో ఏం నిలవ ఉంచారో మీకు తెలుసా? సైరన్ మోగితే ఎటు వెళ్లాలో ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే ఎవరిని అడగాలి? నలుగురు కలిసి ఆ ప్రశ్నలు కాగితం మీద రాయండి. కింద అందరూ సంతకాలు చెయ్యండి.